ఏడేళ్లు నడిచిన పాత పెట్టెలు

సిమెంటు ఫ్యాక్టరీలో వ్యాగన్ టిప్లర్ దగ్గర, అంటే వ్యాగన్‌ను తిరగేసి సరకు దించే యంత్రం దగ్గర నా ఉద్యోగం. మిర్యాలగూడ మీదుగా విష్ణుపురం వైపు వచ్చే బొగ్గు రైళ్లను ఇరవై ఏళ్లుగా దగ్గరి నుంచి చూస్తున్నాను. అందుకే ఇంట్లో నమూనా రైలు పెట్టుకోవాలనుకున్నప్పుడు నా మనసు ప్రయాణికుల బండి మీదికి పోలేదు, బొగ్గు మోసే, పైకప్పు లేని బాక్స్‌ఎన్ వ్యాగన్ల వరుస మీదికే పోయింది. చేతికి దొరికినవి మాత్రం హైదరాబాదులో ఒక పెద్దాయన దగ్గర కొన్న పాత అమెరికా నమూనా రైలు పెట్టెలు, అట్టపెట్టె నిండా. వాటిలో పన్నెండింటిని కోసి, అతికి బాక్స్‌ఎన్‌లుగా మార్చాను. ఇంకొకదాన్ని కార్లు మోసే ఎన్‌ఎంజీ వ్యాగన్‌గా చేశాను. మొదటిది 2018లో పట్టాలెక్కింది. చేసిన కొత్తలో అన్నీ బాగానే కనిపించాయి. అసలు సంగతి వాడగా వాడగా తెలిసింది.

అమెరికా పెట్టె మన వ్యాగన్‌గా మారుతుందా అని చాలామంది అడుగుతారు. కొలతలు చూడండి. నా నమూనాల కొలత హెచ్‌ఓ, అంటే అసలు దానిలో 87వ వంతు. బాక్స్‌ఎన్ పొడవు కప్లింగ్ (పెట్టెలను కలిపే కొక్కెం) నుంచి కప్లింగ్‌కు 10,713 మిల్లీమీటర్లు, అంటే నమూనాలో 123. నలభై అడుగుల అమెరికా మూత పెట్టె ఒళ్లు 140 వస్తుంది. నడుమ ముక్క తీసి కుదించాలి, పైకప్పు కోసేయాలి, పక్కలను తగ్గించాలి. వెడల్పుతో పేచీ లేదు, తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే. అన్నిటికంటే నాకు నచ్చినది బోగీ. మన వాడుకలో పెట్టె మొత్తాన్ని బోగీ అంటాం గానీ, నేను చెబుతున్నది కింద చక్రాలుండే చట్రం గురించి. బాక్స్‌ఎన్ కింద ఉండే కాస్‌నబ్ బోగీ, అమెరికా సరకు పెట్టెల బోగీ ఒకే కోవకు చెందినవి: రెండు పక్క చట్రాలు, మధ్యలో అడ్డదూలం. రోజూ అసలువాటిని చూసే నా కంటికి కూడా ఆ పోలిక సరిపోయింది. పట్టాల వెడల్పే మనది కాదు. బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లకు నమూనాలో 19 పైచిలుకు రావాలి, హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే. ఎదురుగా నిలబడి చూస్తే వ్యాగన్ కాళ్లు దగ్గరగా పెట్టుకున్నట్టు ఉంటుంది. పక్క నుంచి చూస్తే తెలియదు. నేను దానితో సర్దుకున్నాను.

మొదటి దెబ్బ బరువు దగ్గర తగిలింది. తేలిక పెట్టె మలుపులో పడిపోతుంది. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సూచన ప్రకారం హెచ్‌ఓ పెట్టెకు 28 గ్రాములు, పొడవులో ప్రతి అంగుళానికి మరో 14 గ్రాములు ఉండాలి. కప్లింగ్‌లు వదిలేస్తే నాలుగున్నర అంగుళాలుండే నా వ్యాగన్‌కు ఇది 91 గ్రాములు. మొదటి నాలుగింటిలో గాలానికి కట్టే సీసపు గుళ్లు పోసి, పైన తెల్ల జిగురు ఒలికించాను. రెండేళ్లు గడిచాక ఒక వ్యాగన్ నేల కిందికి ఉబ్బింది, చక్రాలు దానికి రాసుకోవడం మొదలైంది. విప్పి చూస్తే గుళ్ల చుట్టూ తెల్లటి పొడి. సీసం ఆ జిగురుతో కలిసి మెల్లగా కార్బొనేటుగా మారుతుంది, మారుతూ పెరుగుతుంది. ఆ పొడిని ఒట్టి చేతులతో ముట్టుకోకండి, పిల్లలున్న గదిలో అసలు విప్పకండి. తరువాతి ఎనిమిదింటికీ ఇనుప వాషర్లు పేర్చి ఎపాక్సీతో అతికాను. ఒక్కటీ కదలలేదు. పైన కుంపటి బొగ్గు దంచి పోశాను, వాషర్లు కనిపించవు.

అతుకుల విషయంలో నా భయం తలకిందులైంది. నడుమ కోసి కలిపిన చోటే విరుగుతుందనుకున్నాను. ప్లాస్టిక్‌ను కరిగించి కలిపే ద్రావకంతో, లోపలి వైపు పట్టీ వేసి అతికినవి ఇప్పటికీ ఒకే ముక్కలా ఉన్నాయి. తొందరపడి రెండింటికి క్షణాల్లో అతుక్కునే జిగురు వాడాను. మూడో వేసవిలో అవి రెండూ పుటుక్కున విడిపోయాయి. మా గది రేకుల కప్పు కింద ఉంటుంది, మే నెలలో 44, 45 డిగ్రీలు మాకు కొత్త కాదు. పక్కల మీది నిలువు పట్టీలను కొన్నింటికి పాత ఏటీఎం కార్డుల నుంచి కోశాను. అవి పీవీసీ అనే వేరే ప్లాస్టిక్, నా ద్రావకం పాలిస్టైరీన్ ప్లాస్టిక్ కోసం చేసినది. ఏడాదిలో ఒక్కొక్కటే రాలాయి. పాలిస్టైరీన్ షీటు కొనుక్కోవడమే మేలు.

చక్రాలకు మాత్రం వెనకాడకండి. పాత పెట్టెలతో వచ్చిన ప్లాస్టిక్ చక్రాలు పట్టా మీది మురికిని పూసుకుని పది రోజుల్లో నల్లబడేవి. లోహపు చక్రాల జతలకు పెట్టెకంటే ఎక్కువ ఖర్చయింది. అయినా ఈ ఏడేళ్లలో నేను పెట్టిన ఖర్చులో అంత సార్థకమైనది మరొకటి లేదు. 10.5 మిల్లీమీటర్లవి వేశాను. అసలు వ్యాగన్ చక్రం 1,000 మిల్లీమీటర్లు, నమూనాలో 11.5 కావాలి, కాబట్టి ఇవే దగ్గర. నేల కింద కొంచెం ఆకురాయితో అరగదీయాల్సి వచ్చింది.

కప్లింగ్‌ను బోగీకి కాకుండా వ్యాగన్ ఒంటికి బిగించండి. బోగీకి ఉన్నప్పుడు ముందుకు లాగితే ఇబ్బంది లేదు. పన్నెండింటినీ వెనక్కి నెట్టగానే మధ్యలో ఒకటి పక్కకు తన్ని పడేది. ఫ్యాక్టరీ సైడింగ్ (పక్క లైను)లోకి వ్యాగన్ల వరుసను వెనక్కి నెట్టడమే నా ఆటలో ముఖ్యమైన పని, అందుకే రెండు నెలలు కూర్చుని అన్నింటికీ మార్చాను. ఆ తర్వాత మా మేనల్లుడు వచ్చి గంటసేపు నెట్టి, "మామయ్యా, ఒక్కటీ పడలేదు" అన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఎన్‌ఎంజీ సంగతి వేరు. వయసు మళ్లిన, ఐసీఎఫ్ అనే పాత రకం ప్రయాణికుల పెట్టెల కిటికీలు మూసి, చివర్లలో తలుపులు పెట్టి, కార్లు మోసే వ్యాగన్లుగా రైల్వే మారుస్తుంది. వాటినే ఎన్‌ఎంజీ అంటారు. రైల్వే అసలు పెట్టెకు చేసిన పనినే నేను నమూనాకు చేశాను. 72 అడుగుల అమెరికా ప్రయాణికుల పెట్టె 252 మిల్లీమీటర్లు, ఐసీఎఫ్ ఒళ్లు నమూనాలో 245. ఆ ఏడు మిల్లీమీటర్లను కోయకుండా వదిలేశాను, ఇప్పటివరకు ఎవరూ పట్టుకోలేదు. చూడటానికి నా దగ్గరున్న వాటన్నింటిలో ఇదే అందమైనది. కానీ 18 అంగుళాల వ్యాసార్థం ఉన్న నా మలుపులో దాని నడుము లోపలికి తోసుకొచ్చి సిగ్నలు స్తంభాన్ని తాకుతుంది. చిన్న బల్ల ఉన్నవారికి దీన్ని సిఫారసు చేయను. బాక్స్‌ఎన్‌లను మాత్రం గట్టిగా సిఫారసు చేస్తాను.

సీసం పోసిన నాలుగింటిలో రెండు బాగుచేశాను. మిగతా రెండింటి నేల కూడా ఈ మధ్య కొద్దిగా దిగింది. వచ్చే ఆదివారం వాటిని విప్పాలి.