క్లోజ్డ్ టూల్‌లో ఓపెన్ సోర్స్ డాక్యుమెంటేషన్: ఏళ్ల తరబడి వాడాక

ముందు మంచే చెప్తాను. మా చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీకి (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్, ఎవరైనా చూసి మార్చుకోవచ్చు) మాన్యువల్ మొత్తం చాలా ఏళ్లు ఒక కంపెనీ వారి క్లోజ్డ్, అంటే కోడ్ బయటపెట్టని, ఆన్‌లైన్ టూల్‌లోనే రాశాం. పేరు చెప్పను, ఇలాంటి టూల్స్ చాలా ఉన్నాయి, తీరు కూడా దాదాపు ఒకటే. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఉచితం అన్నారు, చేరిపోయాం. బ్రౌజర్ తెరిచి టైపు చేసుకుంటూ పోవడమే. కోడ్ జోలికి రానివాళ్లు కూడా హాయిగా రాశారు, మాన్యువల్ నాణ్యత నిజంగానే పెరిగింది. రాసే సుఖానికి ఇప్పటికీ ఐదుకి నాలుగున్నర ఇస్తాను. లైసెన్స్ విషయంలో మాత్రం ఒకటిన్నర, అదీ మొహమాటానికి.

అందరూ మొదట అడిగేది ఒకటే: క్లోజ్డ్ టూల్‌లో రాస్తే మన రాత మీద హక్కు ఆ కంపెనీకి పోతుందా? మామూలుగా పోదు. మా టూల్ షరతుల్లోనూ రాసింది రాసినవారిదే అని స్పష్టంగా ఉంది. అసలు చిక్కు, టూల్ తనవైపు నుంచి అందులో కలిపేవాటితో వస్తుంది. పేజీల థీమ్, జావాస్క్రిప్ట్, ఫాంట్లు. వీటిని మా రిలీజ్ ఫైల్లో పెట్టి పంచవచ్చా? షరతుల్లో దాని మీద ఒక్క ముక్క లేదు. సపోర్ట్‌కు రాస్తే షరతుల లింకే తిరిగి పంపారు. ఈ ప్రశ్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో కూడా వస్తుంది, కాకపోతే అక్కడ జవాబు రాసిపెట్టి ఉంటుంది. డాక్సీజెన్ అనేది కోడ్ నుంచి డాక్యుమెంటేషన్ తయారుచేసే టూల్, జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కింద ఉంది. దానితో తయారైన డాక్యుమెంట్లకు ఆ లైసెన్స్ అంటదని వాళ్లే తేల్చి చెప్పారు. కోడ్ తయారుచేసిపెట్టే బైసన్ అనే టూల్ తన ముక్కలు కొన్నింటిని తయారైన కోడ్‌లోకి కాపీ చేస్తుంది కాబట్టి, వాటి కోసం లైసెన్స్‌లో ప్రత్యేక మినహాయింపు పెట్టుకుంది.

మాకు గట్టిగా తగిలింది మాత్రం ఇది కాదు. మా లైబ్రరీని డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్యాకేజీ చేస్తున్న ఆయన ఒకరోజు అడిగారు, "మాన్యువల్‌కు సోర్స్ ఎక్కడుంది?" డెబియన్ మెయిన్ విభాగంలో ఉండాలంటే, ప్యాకేజీని తయారుచేయడానికి ఆ విభాగం బయటి టూల్ ఏదీ అవసరం పడకూడదు. జీపీఎల్ మూడో వెర్షన్ లెక్కలో సోర్స్ అంటే మార్పులు చేయడానికి అనువైన రూపం. మా మాన్యువల్‌కు ఆ రూపం ఎక్కడో కంపెనీ డేటాబేస్‌లో ఉంది. ఎక్స్‌పోర్ట్ బటన్ ఉంది, మార్క్‌డౌన్ ఫైళ్లు (సాదా టెక్స్ట్‌లో చిన్న గుర్తులతో రాసేవి) వచ్చాయి. కానీ ట్యాబులు, రంగు పెట్టెలు ఆ టూల్‌కు తప్ప ఎవరికీ అర్థంకాని గుర్తులుగా మారాయి. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఇచ్చిన లింకులు అంకెలైపోయాయి. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు చేశారన్న చరిత్ర రానేలేదు. చివరికి ఆయన మాన్యువల్‌ను వదిలేసి లైబ్రరీని మాత్రమే ప్యాకేజీ చేశారు.

అప్పుడే మాన్యువల్స్ కోసం రాసిన స్వేచ్ఛా లైసెన్స్ జీఎఫ్‌డీఎల్‌ను శ్రద్ధగా చదివాను. 2000లో వచ్చిన లైసెన్స్ అది, మా మాన్యువల్‌కు వర్తించదు కూడా. అయినా దాన్ని రాసినవాళ్లు అప్పుడే ఈ గొడవను పసిగట్టినట్టున్నారు. మామూలు ఎడిటర్‌తో దిద్దగలిగి, అందరికీ వివరాలు తెలిసిన ఫార్మాట్‌లో ఉన్న ప్రతిని పారదర్శకం అంటారు. క్లోజ్డ్ వర్డ్ ప్రాసెసర్‌తో మాత్రమే దిద్దగలిగేది అపారదర్శకం. అపారదర్శక ప్రతులు 100కు మించి పంచితే పారదర్శక ప్రతిని కూడా అందుబాటులో ఉంచాలి. తెలుగువాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలును ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఏం కనిపిస్తుందో డీటీపీ సెంటర్ గడప తొక్కిన ప్రతివారికీ తెలుసు.

ఇంకొకటి. ఆ టూల్‌లో అక్షరం దిద్దాలంటే ఖాతా తెరవాలి, షరతులకు ఒప్పుకోవాలి. పోటీ ఉత్పత్తి తయారీకి ఈ సేవను వాడకూడదన్నది వాటిలో ఒకటి. మాకు కోడ్ పంపే ఒకాయన స్వయంగా ఒక డాక్యుమెంటేషన్ టూల్ మీద పనిచేస్తారు. కోడ్ ప్యాచ్‌లు పంపుతూనే ఉన్నారు, డాక్యుమెంటేషన్ మాత్రం ముట్టుకోలేదు. లినక్స్ కెర్నల్‌వాళ్లు కూడా ఇదే ఇబ్బంది పడ్డారు. 2002లో కోడ్ మార్పుల చరిత్రను దాచిపెట్టే బిట్‌కీపర్ అనే క్లోజ్డ్ టూల్‌ను ఉచిత లైసెన్స్ మీద తీసుకున్నారు. పోటీ టూల్ మీద పనిచేసేవాళ్లు వాడకూడదన్న షరతు అందులోనూ ఉంది. 2005లో ఆ ఉచిత వెర్షన్‌ను ఉపసంహరించడంతో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాని బదులు గిట్ రాసుకున్నారు. బిట్‌కీపర్ 2016లో ఓపెన్ సోర్స్ అయింది కానీ అప్పటికి ఎవరికి కావాలి?

ఉచిత ప్లాన్‌లో ఎంతమంది రాయవచ్చన్నదానికి కంపెనీ కోత పెట్టాక మేం స్ఫింక్స్‌కు మారాం. పైథాన్ డాక్యుమెంటేషన్ కోసం గియోర్గ్ బ్రాండ్ల్ తయారుచేసి 2008లో విడుదల చేసిన టూల్, బీఎస్‌డీ అనే స్వేచ్ఛా లైసెన్స్. రీడ్ ద డాక్స్ సైట్‌లో పెట్టాం. అక్కడ ప్రకటనలు వస్తాయి, పర్లేదు. రేపు వాళ్లు మూసేసినా నా ల్యాప్‌టాప్‌లో ఒక్క కమాండ్‌తో మాన్యువల్ మొత్తం తయారవుతుంది. డెబియన్ ప్యాకేజీలోకి మాన్యువల్ మళ్లీ వచ్చింది.

సుఖం మాత్రం తగ్గింది. స్ఫింక్స్ వాడే రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే రాత పద్ధతిలో ఒక్క ఖాళీ తేడా వస్తే పేజీ చెదిరిపోతుంది. మిస్ట్ అనే ఎక్స్‌టెన్షన్‌తో మార్క్‌డౌన్‌లో రాసుకోవచ్చు గానీ, వెర్షన్ మారినప్పుడల్లా ఏ ఎక్స్‌టెన్షన్ అలుగుతుందో అని టెన్షన్. గిట్ అంటే భయపడే ఇద్దరు మంచి రాతగాళ్లు ఇప్పుడు నాకు మెయిల్‌లో పంపుతారు, నేను ఎక్కిస్తాను. ఈ నష్టాన్ని ఓపెన్ సోర్స్ అభిమానులు చాలా తేలిగ్గా తీసుకుంటారు. అది తప్పు.

మా పరిచయ గైడ్‌కు తెలుగు అనువాదం కూడా ఉంది. అనువాదాన్ని గెట్‌టెక్స్ట్ ఫైళ్లుగా (వాక్యం వాక్యంగా అనువదించుకునేవి) విడదీసి ఇవ్వడంలో స్ఫింక్స్‌కు వంక పెట్టలేం. పీడీఎఫ్‌కు పేజీలు కూర్చే మామూలు లాటెక్ ఇంజన్ తెలుగుకు పనికిరాలేదు, యూనికోడ్ చదవగల జీలాటెక్ పెట్టాక కుదిరింది. ఫాంట్ దగ్గర మళ్లీ లైసెన్సే. గౌతమి విండోస్‌తో వస్తుంది కదా అని ఆ ఫాంట్ ఫైలును మన రిపోజిటరీలో (కోడ్ ఉంచే చోట) పెట్టలేం. నోటో, మండలి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, నోటో తీసుకున్నాం. స్ఫింక్స్ సొంత సెర్చ్ మాత్రం తెలుగులో దండగ. గుణింతం గుర్తు దగ్గర పదాన్ని విరగ్గొట్టి వెతుకుతుంది.

స్ఫింక్స్‌కు రాసే సుఖంలో మూడు, లైసెన్స్‌లో ఐదుకి ఐదు. క్లోజ్డ్ టూల్‌లోనే ఉండాలనుకుంటే అసలు ప్రతిని మీ రిపోజిటరీలో సాదా టెక్స్ట్‌గా ఉంచి, టూల్ అక్కడి నుంచి తీసుకునేలా పెట్టుకోండి. కొన్ని టూల్స్‌లో ఆ వీలుంది. మా ఇంగ్లిష్ మాన్యువల్ సెర్చ్‌కు ఇప్పటికీ ఒక క్లోజ్డ్ సేవనే వాడుతున్నాం. అక్కడ ఉండేది ఇండెక్స్ మాత్రమే, పోయినా మాన్యువల్ పోదు. తెలుగు గైడ్‌లో సెర్చ్ పెట్టె తీసేసి, అకారాది క్రమంలో విషయసూచిక పెట్టాం.