విజయవాడలో ధ్యానం కోసం ఫ్లోట్ ట్యాంక్ ప్యాకేజీ తీసుకోవాలనుకుంటున్న వారికి హెచ్చరిక

నిన్న సాయంత్రం జరిగిన విషయమిది. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఫ్లోట్ ట్యాంకులో, అంటే ఒళ్లు తేలేలా ఉప్పు కరిగించిన నీళ్ల తొట్టిలో, పడుకోబెట్టి ధ్యానం కుదిరేలా చేస్తామని, మూసిన కళ్ల ముందు ఇష్టదైవం రూపం నిలిచేలా చేస్తామని వాట్సాప్‌లో ప్రకటనలు పంపుతున్న కేంద్రం గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. గుంటూరులో మా ధ్యాన బృందంలోనే నలుగురికి ఆ ప్రకటన వచ్చింది. నేను అక్కడ 10 విడతలకు 22,000 రూపాయలు ముందుగానే కట్టాను. ఒక్క విడతకు వెళ్లాను. మిగిలిన తొమ్మిదింటి డబ్బు తిరిగి ఇవ్వనన్నారు. డబ్బు పోయినందుకంటే, ఆ కేంద్రం నడిపే ఆయన నాతో అన్న మాట మనసులోంచి పోకనే ఇది రాస్తున్నాను.

నేను ఎందుకు వెళ్లానో క్లుప్తంగా చెబుతాను. పదకొండేళ్లుగా రోజూ తెల్లవారుజామున అమ్మవారి రూపధ్యానం చేస్తున్నాను. పాదాల దగ్గర మొదలుపెట్టి, పట్టుచీర అంచు, చేతులు, మెడలోని హారం, చివరికి ముఖం, ఇలా ఒక్కొక్కటే మనసులో నిలుపుకుంటూ పైకి వెళ్లడం నా పద్ధతి. పోయిన మాఘంలో మా అమ్మ కాలం చేసినప్పటి నుంచి ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆ రూపం చెదిరిపోతోంది. అమ్మవారి ముఖం ఉండవలసిన చోట ఆసుపత్రి మంచం మీది మా అమ్మ ముఖం కనిపిస్తోంది. ఈ సంగతి నేను ఆయనకు ఫోనులో చెప్పుకున్నాను. ముక్కూ మొహం తెలియని మనిషికి అంత మాట చెప్పుకోవడం నా మొదటి తప్పు.

ఫ్లోట్ ట్యాంక్ అనేదే మోసమని నేను అనడం లేదు. వెలుతురూ చప్పుడూ అందకుండా చేస్తే మెదడు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి 1954లో అమెరికాలో జాన్ లిల్లీ అనే వైద్యుడు మొదలుపెట్టిన ప్రయోగం అది. ఇప్పటి ట్యాంకుల్లో జానెడు పైచిలుకు లోతు నీళ్లలో కొన్ని వందల కిలోల ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్ కరిగించి, ఆ నీటిని చర్మపు వేడికి సరిపోయేలా 34, 35 డిగ్రీల దగ్గర ఉంచుతారు. అంత చిక్కటి ఉప్పునీటిలో ఈత రాని మనిషి కూడా మునగడు. కాసేపటికి తన ఒళ్లు ఎక్కడి దాకా ఉందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియని స్థితి వస్తుందంటారు. పెద్దలు ప్రత్యాహారం అని చెప్పే స్థితికి, అంటే ఇంద్రియాలను బయటి విషయాల నుంచి మళ్లించుకోవడానికి, ఇది కొంత ఆసరా అవుతుందని నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. అమెరికాలోని టల్సా పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఆందోళనతో బాధపడే 50 మందికి గంటసేపు ట్యాంకులో గడిపిన తర్వాత ఆ ఆందోళన తగ్గింది. ఈ నిజం ఆయన ప్రకటనలోనూ ఉంది. దాని కిందనే, ఇది ఋషుల కాలం నాటి విద్య అనీ, ఇందులో ఒక గంట పదేళ్ల తపస్సుతో సమానమనీ ఉంది. ఆ వాక్యం చదివినప్పుడే నేను ఆగి ఉండవలసింది.

కనీసం నీళ్లలోకి దిగిన క్షణంలోనైనా నాకు తెలియవలసింది. ఉదయం వంకాయలు తరుగుతుంటే కత్తిపీట తగిలి నా చూపుడువేలు తెగింది. అంత ఉప్పు ఉన్న నీళ్లు తగిలితే ఆ గాయం భగ్గుమనాలి, కానీ చురుక్కుమని కూడా అనలేదు. వెల్లకిలా పడుకుంటే మడమలూ నడుమూ అడుగుకు ఆనాయి. నీళ్లు ముక్కు దాకా వస్తుంటే మెడ బిగబట్టి తల ఎత్తి ఉంచుకోవలసి వచ్చింది. నీళ్లు చల్లబడుతున్నాయి, పంపు ఆగకుండా మోగుతోంది, తలుపు సందులోంచి ట్యూబ్‌లైటు వెలుతురు గీతలా పడుతోంది. అయినా కళ్లు మూసుకుని అమ్మవారి పాదాల నుంచి మొదలుపెట్టాను. చీర అంచు దాకా కూడా వెళ్లలేకపోయాను. లోపం నాలోనే ఉందేమో, నా మనసే నిలవడం లేదేమో అనుకుంటూ 40 నిమిషాలు పళ్ల బిగువున పడుకున్నాను. బయటికి వచ్చి ఒళ్లు ఆరాక చర్మం మీద తెల్లటి ఉప్పు పొర కట్టలేదు, జుట్టు బిరుసెక్కలేదు. పెదవి తడిచేసి చూస్తే, ఎప్సమ్ సాల్ట్‌కు ఉండే చేదు లీలగా తప్ప తగల్లేదు.

ముందుగదిలో ఆయన కూర్చుని ఉన్నారు. సోఫాలో ఇద్దరు తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. నేను నెమ్మదిగానే అడిగాను: “బాబూ, నీళ్లలో ఉప్పు ఎన్ని కిలోలు వేశారు? నా ఒళ్లు తేలలేదు.” ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండానే, వాళ్లిద్దరికీ వినిపించేంత గట్టిగా, “తేలడానికి కావలసింది ఉప్పు కాదమ్మా. పోయిన మీ అమ్మగారిని మీరు ఇంకా మోస్తున్నారు. ఆ బరువుతో వస్తే ఏ నీళ్లయినా ముంచుతాయి” అన్నారు.

నా నోట మాట రాలేదు. నేను నమ్మి చెప్పుకున్న దుఃఖాన్ని, తాను వేయని ఉప్పుకు సంజాయిషీగా వాడుకున్నారు. అంతకంటే బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. ఒక్క క్షణం పాటు నేను ఆ మాట నిజమేనని అనుకున్నాను. తడిజుట్టుతో, పరాయివాళ్ల ముందు నిలబడి, అమ్మను తలచుకోవడమే నా తప్పేమో అనుకున్నాను. గుంటూరు బస్సులో, వారధి దాటుతున్నప్పుడు తెగిన వేలు కనిపించి గానీ నాకు తెలివి రాలేదు.

డబ్బు సంగతి అడిగితే, ప్యాకేజీ సొమ్ము వాపసు లేదని రసీదు వెనుక ఉందని చూపించి, అమావాస్య నాడు మళ్లీ రమ్మన్నారు. ఈ ఉదయం జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కేసులకు అక్కడ రుసుము కూడా లేదు.

వెళ్లదలచిన వారు మొదట ఒక్క విడతకే డబ్బు కట్టండి. ఉప్పు ఎన్ని కిలోలు వేశారో, ఒకరి తర్వాత ఒకరు దిగే మధ్యలో నీటిని వడపోస్తారో లేదో అడగండి. మీ ఇంటి కష్టాలు మాత్రం అక్కడ చెప్పకండి.

నిన్న ఆ సోఫాలో కూర్చున్న వారిలో ఒక అమ్మాయికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు, చేతిలో డబ్బు పట్టుకుని ఉంది. ఇది నీ దాకా వస్తే, తల్లీ, కట్టే ముందు ఆ నీళ్లలో ఒక్కసారి చేయి ముంచి ఆరనిచ్చి చూడు. తెల్లగా ఉప్పు తేలకపోతే డబ్బు తీసుకుని ఇంటికి వెళ్లిపో.