సుమో ఫలితాల పేరుతో డబ్బు గుంజే సబ్‌స్క్రిప్షన్‌తో జాగ్రత్త (జనవరి టోర్నమెంటుకి ముందే చదవండి)

జపాన్‌లో ఉన్న మనవాళ్ళకూ, ఇండియాలో ఉండి సుమో చూస్తున్నవాళ్ళకూ ముఖ్యమైన మాట. జనవరి 11న టోక్యోలోని ర్యోగొకు కొకుగికాన్ స్టేడియంలో 2026 తొలి బాషో (15 రోజుల సుమో టోర్నమెంటు) మొదలవుతోంది. "రోజువారీ ఫలితాలు, స్టాండింగ్స్, స్పాయిలర్ లేకుండా రీప్లే" అంటూ ఒక ఇంగ్లిష్ యాప్ ప్రకటన మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. అక్టోబరులో లండన్‌లో జరిగిన సుమో ప్రదర్శన ఫొటోలు పెట్టి, చూడగానే అధికారికం అనిపించేలా తయారుచేశారు. దయచేసి దానికి కార్డు నంబరు ఇవ్వకండి. నవంబరులో క్యుషు బాషో కోసం నేను దానికి డబ్బు కట్టాను. ఏం జరిగిందో వివరంగా రాస్తున్నాను, మీ డబ్బు పోకూడదని.

ఎందుకు కట్టానో ముందు చెప్తాను, ఎందుకంటే మీలో చాలామందిది ఇదే పరిస్థితి. పై డివిజను మకుఉచి బౌట్లు జపాన్ సమయం సాయంత్రం నాలుగు దాటాక మొదలై ఆరు గంటలకు ముగుస్తాయి. ఆఫీసు ఉన్నవాళ్ళకు పనిరోజుల్లో లైవ్ చూడటం కుదరదు. రాత్రి ఇంటికొచ్చి, ఎవరు గెలిచారో తెలియకుండా వరసగా చూసుకోవాలి. చాలా బౌట్లు పది సెకన్లలో తేలిపోతాయి. ఫలితం ముందే చెవిన పడితే ఆ పది సెకన్ల ఉత్కంఠ మళ్ళీ రమ్మన్నా రాదు. ఆ యాప్ సరిగ్గా ఈ అవసరాన్ని పట్టుకుని, "ఒక బాషో పాస్ 480 యెన్లు, ఫలితాలు దాచే సౌకర్యంతో" అని అమ్ముతోంది.

బాషో మొదటి వారంలోనే దాని బండారం బయటపడింది. సాయంత్రం తోజై లైన్ రైల్లో నిలబడి ఉండగా ఫోన్ లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్ వచ్చింది. రెండు పేర్లు, ఒకదాని పక్కన తెల్లచుక్క, ఇంకోదాని పక్కన నల్లచుక్క. సుమోలో తెల్లచుక్క గెలుపు, నల్లచుక్క ఓటమి. ఆ రోజు ఆఖరి బౌటు ఫలితం అలా తెలిసిపోయింది. సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే "ఫలితాలు దాచు" ఆన్‌లోనే ఉంది. ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేసినా మర్నాడు అదే తంతు. ఆ మీట పేరుకే ఉంది, అది ఏ పనీ చెయ్యదు. రీప్లేల సంగతి ఇంకా ఘోరం. టీవీ ప్రసారాన్ని ఎవరో రికార్డు చేసిన ముక్కల్ని తెచ్చి పెడతారు, రాత్రికల్లా అవి మాయమవుతాయి. వీడియో తెరిస్తే ఖాళీ తెర.

సరే, వీడియోలు పోతే పోనీ, పట్టికైనా సరిగా ఉంటుందనుకున్నాను. అసలు మోసం అక్కడే ఉంది. సుమో కొత్తగా చూస్తున్నవాళ్ళు దాన్ని పసిగట్టలేరు కాబట్టి ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవండి.

ప్రకటనలో మొదటి మాటే "15 రోజుల బౌట్ల షెడ్యూలు ముందే మీ చేతిలో". అది జరిగే పని కాదు. సుమోలో ఎవరు ఎవరితో తలపడాలన్న జాబితాని తోరికుమి అంటారు. మొదటి రెండు రోజుల తోరికుమి మాత్రమే బాషోకి ముందు తేలుతుంది. ఆ తర్వాత గెలుపోటములు చూసుకుంటూ న్యాయనిర్ణేతల విభాగం ఏ రోజుకారోజు కూర్చుని మరుసటి రోజు జతలు కడుతుంది. ఊహించని రికిషి (సుమో మల్లుడు) ఎవరైనా గెలుస్తూ పోతే రెండో వారంలో అతణ్ణి పైవాళ్ళ మీదికి వదులుతారు. ఎవరైనా గాయపడి తప్పుకుంటే జతలన్నీ మారిపోతాయి. ఇది తెలిసిన ఏ సంస్థా 12వ రోజు బౌట్లు మొదటి రోజే అమ్మదు. ఆ యాప్‌లో ఉన్నవి కల్పించిన జతలు. ఒకే హేయాకి, అంటే ఒకే శిక్షణ కేంద్రానికి చెందిన ఇద్దరిని ఒకరి మీద ఒకరిని పెట్టిన రోజు కూడా ఉంది. బాషోలో అలా పెట్టరు. ప్లేఆఫ్, అంటే చివర్లో సమానంగా నిలిచినవాళ్ళ మధ్య టైటిల్ తేల్చే అదనపు బౌటు, వస్తే తప్ప వాళ్ళు తలపడరు.

ఇక స్టాండింగ్స్. ఐపీఎల్ పాయింట్ల పట్టికలాగా గెలుపుకి రెండు పాయింట్లు, పక్కన శాతం, ఒక "రేటింగ్" పెట్టారు. సుమోలో పాయింట్లు లేవు. పైనున్న రెండు డివిజన్లలో 15 రోజులకి 15 బౌట్లు, ఎన్ని గెలిచారు, ఎన్ని ఓడారు, అంతే లెక్క. ఎనిమిది గెలిస్తే కచికోషి, ఎనిమిది ఓడితే మకేకోషి, ర్యాంకు పెరగడం తగ్గడం దాని మీదే ఆధారపడుతుంది. టైటిల్ పోటీలో ఎవరున్నారో చూడాలంటే ఎవరికి ఓటములు తక్కువో చూస్తాం. మకుషిత, ఆ కింది డివిజన్లవాళ్ళు 15 రోజుల్లో ఏడు బౌట్లే ఆడతారు. ఆ సంగతి కూడా ఈ యాప్‌కి తెలియదు. కింది డివిజనులో ఏడుకి ఏడు గెలిచిన కుర్రాడి పేరు పక్కన "7 గెలుపులు, 8 గైర్హాజరు" అని రాసి, అతను గాయంతో తప్పుకున్నట్టు ఎర్రగుర్తు పెట్టింది.

నవంబరు 23, ఆఖరి రోజు జరిగినది ప్రత్యేకంగా చెప్పాలి. క్యుషు బాషో జరిగిన ఫుకుఓకాలో 14వ రోజు ముగిసేసరికి యోకొజునాలు (అన్నిటికంటే పై ర్యాంకు) ఓనోసాతో, హోషోర్యూ, ఉక్రెయిన్ నుంచి వచ్చిన సెకివాకె (మూడో ర్యాంకు) ఆఓనిషికి, ముగ్గురూ 11 గెలుపులు, 3 ఓటములతో సమానంగా ఉన్నారు. ఆఖరి రోజు ఓనోసాతో భుజం గాయంతో తప్పుకున్నాడు. అతని ప్రత్యర్థి హోషోర్యూయే. బౌటు ఖరారయ్యాక ఒకరు రాకపోతే రెండోవాళ్ళకి పోటీ లేకుండా గెలుపు, ఫుసెన్‌షో అంటారు. రానివాడి ఖాతాలో అది ఓటమే. అలా ఓనోసాతో 11-4తో ముగించాడు, హోషోర్యూ 12-3కి చేరాడు. ఆఓనిషికి కొతోజకురాని ఓడించి తనూ 12-3కి వచ్చాడు. ఆ తర్వాత ప్లేఆఫ్‌లో హోషోర్యూని ఓడించి మొదటి టైటిల్ గెలిచాడు, దాంతో యోకొజునా తర్వాతి ర్యాంకైన ఓజెకి అయ్యాడు. ఇలాంటి ఆఖరి రోజు మళ్ళీ ఎప్పుడొస్తుందో! సుమో చూసేవాళ్ళందరికీ గుర్తుండిపోయే సాయంత్రం.

అదే సాయంత్రం యాప్ ఏం చూపించిందో స్క్రీన్‌షాట్లు నా దగ్గరున్నాయి. ఓనోసాతో 11-3, ఒక గైర్హాజరు. తప్పు, అది ఓటమి. హోషోర్యూ ఆ రోజు ప్రత్యర్థే లేకుండా గెలిచాడు కదా, అతని పేరు పక్కన "యోరికిరి", అంటే ప్రత్యర్థిని పట్టుకుని గిరి బయటికి నెట్టుకెళ్ళడం! జరగని బౌటుకి ఒక పట్టు పేరు రాసిపెట్టారు. ఆఓనిషికి 13-3. ప్లేఆఫ్ గెలుపు రికార్డులో కలవదు, పైగా 15 బౌట్ల బాషోలో 16 ఫలితాలు ఎలా వస్తాయి? వీటన్నిటికంటే ముందు, ప్లేఆఫ్ ఇంకా మొదలు కాకముందే "ర్యాంకు ఆధారంగా విజేత హోషోర్యూ" అని నోటిఫికేషన్ పంపారు. సమానంగా ఉంటే పై ర్యాంకువాడికి టైటిల్ ఇచ్చే పద్ధతి 1947లో ప్లేఆఫ్ వచ్చినప్పుడే పోయింది. డబ్బు తీసుకుని ఫలితాలు చెప్తామన్నవాళ్ళకి ఈ మాత్రం తెలియకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. ఇండియాలో ఉన్న మా బాబాయి ఆ నోటిఫికేషన్ నమ్మి, ప్లేఆఫ్ చూడకుండానే టీవీ కట్టేశారు. ఆయనకి ఆ యాప్ చెప్పింది నేనే కాబట్టి నాకు ఇంకా కష్టమనిపించింది.

మోనో-ఇఇ వచ్చిన రోజుల్లోనూ ఇదే గొడవ. రిఫరీ గుంబై (చేతిలోని విసనకర్ర) ఒకవైపు చూపించాక కూడా గిరి చుట్టూ కూర్చున్న న్యాయనిర్ణేతలు పైకొచ్చి చర్చించి ఫలితాన్ని తిప్పొచ్చు, లేదా మళ్ళీ ఆడించొచ్చు. ఈ యాప్ రిఫరీ మొదట చూపించిన వైపే ఫలితంగా వేసేసి, తర్వాత సరిచెయ్యకుండా వదిలేసింది. మర్నాటి పట్టికలో కూడా ఆ తప్పు అలాగే ఉంది.

ఇప్పుడు డబ్బు సంగతి. 480 యెన్లు ఒక్క బాషోకే అనుకున్నాను, ప్రకటనలో అలాగే ఉంది. బాషో ముగిసిన వారానికి కార్డు మీద 9,800 యెన్లు పడ్డాయి. అడిగితే "పాస్ ఆటోమేటిక్‌గా ఏడాది సభ్యత్వంగా మారుతుంది, షరతుల్లో ఉంది" అన్నారు. ఆ షరతు చెల్లింపు పేజీలో లేదు, వేరే లింకు వెనకాల, జపనీస్‌లో మాత్రమే ఉంది. యాప్ అంతా ఇంగ్లిష్, రద్దు షరతు ఒక్కటే జపనీస్! రద్దు చెయ్యాలంటే పనిరోజుల్లో ఆఫీసు వేళల్లో ఫోన్ చెయ్యాలి. ఆ నంబరు ఎప్పుడు చేసినా రికార్డు చేసిన గొంతే. ఈమెయిల్ పెడితే అచ్చంగా అదే జవాబు మళ్ళీ మళ్ళీ వస్తుంది.

జపాన్‌లో ఉన్నవాళ్ళు తెలుసుకోవలసింది: ఆన్‌లైన్ కొనుగోళ్ళకు ఇక్కడ కూలింగ్-ఆఫ్ (కొన్నాక కొద్ది రోజుల్లో కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కు) వర్తించదు. ఇంటికొచ్చి అమ్మేవాళ్ళ విషయంలో ఉన్న ఆ హక్కు దీనికీ ఉందనుకుని చాలామంది ఆగిపోతారు. కానీ 2022 జూన్ నుంచి అమలైన చట్ట సవరణ ప్రకారం, ఆర్డరు ఖాయం చేసే చివరి పేజీలోనే మొత్తం ధర, చెల్లింపు సమయం, రద్దు పద్ధతి స్పష్టంగా చూపించాలి. తప్పుదారి పట్టించేలా ఉంటే ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కొనుగోలుదారుకి ఉంది. 188కి ఫోన్ చేస్తే మీ ప్రాంతంలోని వినియోగదారుల కేంద్రానికి కలుపుతారు. నేను చేశాను. చాలా ఓపిగ్గా విన్నారు. ఆ చివరి పేజీ స్క్రీన్‌షాట్, ఈమెయిళ్ళు, కార్డు స్టేట్‌మెంట్ అన్నీ కలిపి కార్డు కంపెనీకి రాయమన్నారు. రాశాను, వాళ్ళు పరిశీలిస్తున్నారు. కార్డు నంబరు మార్పించుకున్నాను కాబట్టి ఇకముందు పోదు, పోయింది మాత్రం ఇంకా రాలేదు.

జపాన్‌లో ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు తామెవరో తెలిపే పేజీ ఒకటి పెట్టడం తప్పనిసరి: పేరు, చిరునామా, ఫోను. ఏదైనా కొనేముందు ఆ పేజీ వెతకండి. ఈ యాప్‌లో చిరునామా స్థానంలో "అడిగితే తెలుపుతాం" అని ఉంది, నేను అడిగాను, తెలపలేదు.

ఇండియాలో ఉన్నవాళ్ళు యూపీఐ ఆటోపే ఇచ్చి ఉంటే, మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్ళి ఆ మ్యాండేట్‌ని (డబ్బు దానంతటదే తీసుకునే అనుమతిని) మీరే రద్దు చేసుకోవచ్చు, అమ్మినవాళ్ళ అనుమతి అక్కర్లేదు. కార్డు మీద ఈ-మ్యాండేట్ అయితే డబ్బు తీసే 24 గంటల ముందు బ్యాంకు నుంచి మెసేజ్ రావాలి, దాన్ని ప్రకటన అనుకుని చెరిపేయకండి. ప్లే స్టోర్ ద్వారా కట్టినవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు, స్టోర్‌లోకి వెళ్ళి విడిగా రద్దు చెయ్యాలి. మోసం జరిగితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

అసలు ఇదంతా ఉచితంగా దొరుకుతుంది. జపాన్ సుమో అసోసియేషన్ సొంత వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్‌లోనే బన్జుకే (ర్యాంకుల జాబితా), ఆ రోజు తోరికుమి, ఫలితం, ఏ పట్టుతో గెలిచారో, ప్రతి రికిషి చుక్కల పట్టిక అన్నీ ఉంటాయి. అధికారికంగా గుర్తించిన పట్లు 82, ఆ రోజు ఏ పట్టు పడిందో అక్కడ చూస్తేనే సరైనది తెలుస్తుంది. ఫలితం తెలియకుండా చూడాలనుకునేవాళ్ళకి ఎన్‌హెచ్‌కే వరల్డ్‌లో (జపాన్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే అంతర్జాతీయ చానల్) రోజూ హైలైట్స్ వస్తాయి, ఇంగ్లిష్ వ్యాఖ్యానంతో, పైసా ఖర్చు లేకుండా. ముఖ్యమైన రోజుల్లో లైవ్ కూడా ఇస్తారు. భారత కాలమానంలో మకుఉచి బౌట్లు మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక మొదలై రెండున్నరకి ముగుస్తాయి. జపాన్‌లో అయితే ఎన్‌హెచ్‌కే టీవీ, అబేమా అనే స్ట్రీమింగ్ సర్వీసు ఉన్నాయి. నేను ఇప్పుడు ఫోన్‌లో క్రీడావార్తల నోటిఫికేషన్లన్నీ కట్టేసి, రాత్రి హైలైట్స్ పెట్టుకుంటున్నాను. దీనికి యాప్ అవసరమే లేదు.

ఈ యాప్‌కి ఇప్పటికే కట్టినవాళ్ళు ఇవాళే మీ డిసెంబరు స్టేట్‌మెంట్ తెరవండి. నాకు పడిన చార్జి యాప్ పేరుతో రాలేదు, సంబంధం లేని ఏదో పేమెంట్ కంపెనీ పేరుతో వచ్చింది, అందుకే పేరుతో కాకుండా 9,800 అంకెతో వెతకండి. రూపాయల కార్డయితే ఆ రోజు మారకం రేటు బట్టి దానికి దగ్గరి మొత్తం ఉంటుంది. కనిపిస్తే ముందు స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆ తర్వాతే వాళ్ళకి ఫోన్ చెయ్యండి. నేను ఫిర్యాదు పెట్టిన మర్నాడు నా ఖాతాలో పాత బిల్లుల పేజీ తెరుచుకోవడం ఆగిపోయింది.