సీ షార్ప్ డిస్పోజ్ ప్యాటర్న్: తొమ్మిదేళ్లు వాడాక

సీ షార్ప్‌లో ఫైల్, కనెక్షన్ లాంటివి తెరిచిన క్లాస్ పనయ్యాక వాటిని డిస్పోజ్ అనే మెథడ్‌లో మూస్తుంది. అలాంటి క్లాస్‌కు ఉండే గుర్తు ఐడిస్పోజబుల్, ఆ డిస్పోజ్‌ను మనం మరిచిపోకుండా పిలిచేది యూజింగ్. వాటి గురించి ఇంతకు మించి ఇక్కడ చెప్పను. నా కోపమంతా ఒక్క లైను మీద. బేస్ క్లాస్ ఒక కనెక్షన్ తెరిచి పెట్టుకుంది, దాన్ని ఇన్‌హెరిట్ చేసుకున్న చైల్డ్ క్లాస్ ఒక ఫైల్ తెరిచింది అనుకోండి. చైల్డ్ బేస్ డిస్పోజ్‌ను ఓవర్‌రైడ్ చేసి, అంటే దాని బదులు తనది రాసుకుని, చివర ‘బేస్.డిస్పోజ్(డిస్పోజింగ్)’ అని తప్పకుండా రాయాలి. రాయకపోతే కంపైలర్ నోరెత్తదు. బిల్డ్ అవుతుంది, టెస్టులు పాసవుతాయి, బేస్ క్లాస్ తెరిచింది మాత్రం అలాగే ఉండిపోతుంది.

నేను సీ ప్లస్ ప్లస్ నుంచి వచ్చినవాణ్ణి. అక్కడ ఆబ్జెక్టు పోయేటప్పుడు నడిచే డిస్ట్రక్టర్లతో ఈ బెడద లేదు. ముందు చైల్డ్‌ది, తర్వాత బేస్‌ది, వరసగా కంపైలరే పిలుస్తుంది. బేస్‌ది ఆపుదామన్నా మన చేతిలో ఉండదు. బేస్ డిస్ట్రక్టర్‌ను వర్చువల్ చేయడం మరిచిపోతే వచ్చే గొడవ వేరు. దానికైనా ఇప్పటి కంపైలర్లు వార్నింగ్ ఇస్తున్నాయి.

మాది అకౌంట్స్ రిపోర్టులు తయారుచేసే సర్వీసు. ఒక్కో రకం రిపోర్టుకు ఒక్కో క్లాస్, అన్నిటికీ కలిపి ఒక బేస్ క్లాస్. డేటాబేస్ కనెక్షన్ బేస్ కన్‌స్ట్రక్టర్‌లోనే తెరుచుకునేది. నాలుగేళ్లు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఎక్సెల్ రిపోర్టు అడిగారు. దానికి టెంప్ ఫైల్ కావాలి కాబట్టి మా టీమ్‌లో కుర్రాడు డిస్పోజ్ ఓవర్‌రైడ్ చేసి, ఫైల్ మూసి, డిలీట్ చేసే కోడ్ శ్రద్ధగా రాశాడు. రివ్యూ చేసింది నేనే. ఫైల్ సరిగ్గా మూస్తున్నాడా అని రెండుసార్లు చూశాను. లేని లైను కంటికి కనపడదు కదా, అప్రూవ్ చేసేశాను.

మూడు వారాలు బాగానే నడిచింది. నెలాఖరు రాత్రి పదకొండింటికి ఫోన్లు మొదలయ్యాయి. లాగ్ నిండా ఒకటే మాట: పూల్ నుంచి, అంటే తెరిచిన కనెక్షన్లను ఉంచుకుని అడిగినవాళ్లకు మళ్లీ మళ్లీ ఇచ్చే చోటు నుంచి, కనెక్షన్ దొరక్క టైమవుట్. సర్వీసు రీస్టార్ట్ చేస్తే ఇరవై నిమిషాలు బాగుంటుంది, మళ్లీ అదే. డేటాబేస్ వాళ్లను అడిగితే సర్వర్ మీద లోడే లేదన్నారు. అప్పుడు సర్వర్‌కు ఎవరెవరు కనెక్టయి ఉన్నారో చూపే ఎస్‌పీ హూ2 కమాండ్ కొట్టి చూశాను. మా లాగిన్ పేరుతో వరసలు వరసలుగా ఉన్నాయి, ప్రతి వరసలో స్టేటస్ ‘స్లీపింగ్’. లెక్కపెడితే సరిగ్గా 100. పూల్ సైజు మేం ఎప్పుడూ మార్చలేదు. డీఫాల్ట్ పరిమితి అదే 100, అది నిండితే కొత్తగా అడిగినవాళ్లు 15 సెకన్లు చూసి టైమవుట్ అవుతారు. ఒక్కటీ పని చేయడం లేదు, అయినా ఒక్కటీ ఖాళీగా లేదు. అది చూశాక తప్పు మా వైపే ఉందని అర్థమైంది.

మరి మూడు వారాలు ఎందుకు బయటపడలేదు? పూల్ నిండినప్పుడు ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన కనెక్షన్లు ఉన్నాయేమోనని అది వెతుక్కుంటుంది. వాడకంలో లేని ఆబ్జెక్టులను మెమరీలోంచి తీసేసే గార్బేజ్ కలెక్టర్ ఈలోగా వచ్చి పాత ఆబ్జెక్టులను ఊడ్చేసి ఉంటే కొన్ని దొరుకుతాయి. మామూలు రోజుల్లో అలా నెట్టుకొచ్చింది. నెలాఖరున వందల రిపోర్టులు ఒక్కసారిగా పడేసరికి ఆ ఊడ్పు చాలలేదు.

“అన్నా, అన్నిచోట్లా యూజింగ్ పెట్టాను కదా, ఇంకెలా లీక్ అవుతుంది?” అన్నాడు కుర్రాడు, గొంతులో టెన్షన్ తెలిసిపోతూ. ఆ మాట వాడికి నేర్పింది నేనే. యూజింగ్ పెడితే చాలు, ఇక భయం లేదని కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ చెప్పేవాణ్ణి. యూజింగ్ మంచిదే, 2019లో సీ షార్ప్ 8తో బ్రాకెట్ల బాధ కూడా తగ్గింది. కాకపోతే డిస్పోజ్‌ను పిలవడం వరకే దాని పూచీ. లోపల ఏది మూశారో ఏది వదిలేశారో దానికి తెలియదు. రాత్రి రెండింటికి ఆ ఒక్క లైను కలిపాం, ‘స్లీపింగ్’ వరసలు నాలుగైదుకు దిగాయి.

తర్వాత డిజైనే మార్చాను. బేస్‌లో డిస్పోజ్ ఇప్పుడు వర్చువల్ కాదు, అంటే చైల్డ్ దాన్ని ఓవర్‌రైడ్ చేయలేదు. చైల్డ్ కోసం ‘ఆన్‌డిస్పోజ్’ అని ఖాళీ మెథడ్ ఒకటి ఉంటుంది, దాన్ని బేస్ పిలిచి, తన కనెక్షన్‌ను ఫైనల్లీలో తనే మూసుకుంటుంది. ఫైనల్లీ ఎందుకంటే, డిస్క్ నిండిపోతే ఫైల్ మూసేటప్పుడే ఎక్సెప్షన్ రావచ్చు. అలా వచ్చినా కనెక్షన్ మూయడం ఆగిపోకూడదు, ఫైనల్లీలో రాసింది ఎక్సెప్షన్ వచ్చినా నడుస్తుంది. అయితే ఇది ఒక మెట్టు వరకే. చైల్డ్ కింద ఇంకో చైల్డ్ వస్తే ‘ఆన్‌డిస్పోజ్’ దగ్గర మళ్లీ అదే కథ. అందుకే కింది క్లాసులన్నీ సీల్డ్ చేశాం, అంటే వాటిని ఇంకెవరూ ఇన్‌హెరిట్ చేసుకోలేరు. ఆర్నెల్లకు కనెక్షన్‌ను బేస్ నుంచే తీసేశాను. రిపోర్టులను నడిపించే కోడే దాన్ని తెరిచి, రిపోర్టుకు ఇచ్చి, పనయ్యాక మూస్తుంది. నాకు నిజంగా ఊరట దొరికింది ఈ మార్పుతోనే.

కోడ్ చదివి తప్పులు చూపే ఎనలైజర్‌లో ఆ లైను మరిచిపోతే పట్టుకునే రూల్ ఒకటి ఉంది, సీఏ2215. మా ప్రాజెక్టులో అది ఆన్ చేసి లేదు. ఇప్పుడు దాన్ని ఎర్రర్‌గా పెట్టాం.

మా హయరార్కీ రెండు మెట్లది, టీమ్ ఐదుగురు, కోడంతా మా చేతిలోనే ఉంది కాబట్టి ఇదంతా కుదిరింది. బయటివాళ్లు ఇన్‌హెరిట్ చేసుకునే లైబ్రరీ రాసేవాళ్లు అన్నీ సీల్డ్ చేయలేరు, వాళ్లకు పాత ప్యాటర్నే గతి కావచ్చు. మా దగ్గర కూడా ఒక్క క్లాస్ అలాగే మిగిలింది. దాని బేస్ వెండర్ ఇచ్చిన లైబ్రరీలోది, మార్చే వీల్లేదు. దాని డిస్పోజ్ చివరి లైను పైన ‘దీన్ని తీయొద్దు’ అని తెలుగులో కామెంట్ రాసి పెట్టాను.