లాంగ్ రైడ్‌లో షుగర్ పడిపోతే: అరటిపండా, పల్లీపట్టీనా, గ్లూకోజ్ పొడా?

200 కిలోమీటర్ల బ్రెవేకి, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన లాంగ్ సైకిల్ రైడ్‌కి, పదమూడున్నర గంటలు ఉంటాయి. అన్ని గంటలూ కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటూనే ఉంటాయి. నాలాగా ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు పొద్దున తీసుకున్న డోసు కూడా లోపల పనిచేస్తూ ఉంటుంది. అందుకే మాకు షుగర్ అంత చకచకా దిగిపోతుంది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ.

షుగర్ నిలకడగా ఉన్నంతసేపూ నా ఓటు అరటిపండుకే. ఒక మోస్తరు పండులో సుమారు 25 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటుంది. గంటకు 30 నుంచి 60 గ్రాములు కావాలన్నది లాంగ్ రైడ్ లెక్క కాబట్టి, గంటకు ఒకటిన్నర, రెండు పండ్లు చాలు. ఏ ఊరి సెంటర్లోనైనా దొరుకుతాయి. ఎక్కుడు రోడ్డు మీద నమలడం కష్టమైన చోట ఎనర్జీ జెల్ (పిండుకుని మింగే తీపి ముద్ద) సుఖమే, కానీ ఖరీదు ఎక్కువ.

పల్లీపట్టి రుచికీ ఆకలికీ మంచిదే. కానీ పల్లీల్లోని కొవ్వు వల్ల అందులోని తీపి రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. ఒకసారి చేతులు వణుకుతుంటే అదే తిన్నాను. పావుగంట తర్వాత కూడా మీటర్‌లో అంకె పెరగలేదు. ఆ భయం ఇప్పటికీ గుర్తుంది.

షుగర్ 70 mg/dL కన్నా దిగితే గ్లూకోజ్ పొడే. సైకిల్ దిగి 15 గ్రాములు నీళ్లలో కలిపి తాగాలి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోవాలి. ఇంట్లోనే తూకం వేసి చిన్న పొట్లాలు కట్టుకుంటే రోడ్డు మీద టెన్షన్ ఉండదు. పొడి లేకపోతే నాలుగు చిన్న చెంచాల పంచదార కూడా పనికొస్తుంది. ఓఆర్ఎస్ మాత్రం దీనికి బదులు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో ఉండే గ్లూకోజ్ 13.5 గ్రాములే.

ఒంటి మీద షుగర్ చూపించే సెన్సార్ ఉన్నా గ్లూకోమీటర్ వెంట ఉండాల్సిందే. సెన్సార్ చదివేది చర్మం కింది ద్రవాన్ని, అది రక్తం కన్నా కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. వేలు గుచ్చే ముందు చెయ్యి కడగండి. అరటిపండు జిగట వేలికి అంటుకుని ఉంటే షుగర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, పడిపోయిన సంగతి తెలియదు.

రైడ్ రోజున ఇన్సులిన్ ఎంత తగ్గించాలో ముందే డాక్టర్‌తో మాట్లాడుకోండి. కండరాల ఆకలి ఇంటికి చేరాక కూడా తీరదు, నిద్రలోనూ షుగర్ పడొచ్చు. అందుకే ఆ రాత్రి ఒక గ్లూకోజ్ పొట్లం, గ్లాసు నీళ్లు నా మంచం పక్కనే ఉంటాయి.