హైదరాబాద్–వైజాగ్ విమానం: టికెట్ మీద గంటంపావు, మాకు ఆరు గంటలు

మోకాళ్ల నొప్పులతో రైలు మెట్లు ఎక్కలేనని అమ్మ ముందే చెప్పేసింది. అందుకే ఈసారి విమానం. మూడు వారాల ముందు బుక్ చేస్తే ఇద్దరికీ కలిపి 8,900 అయ్యింది.

శంషాబాద్ నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్టుకి తిన్నగా కొలిస్తే 510 కిలోమీటర్ల దాకా ఉంటుంది. సికింద్రాబాద్ నుంచి పట్టాల మీద వెళ్తే దాదాపు 700. టికెట్ మీద 9.40కి బయలుదేరి 10.55కి చేరుతుందని ఉంది. ఆ గంటంపావు మొత్తం గాల్లో ఉంటామని కాదు. ఇక్కడ గేటు దగ్గర విమానం కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా పాకే టైం కూడా అందులోదే.

మేం మాత్రం మియాపూర్‌లో గడప దాటింది 6.20కి. పుష్పక్ ఎయిర్‌పోర్టు బస్సు 7.45కల్లా దింపేసింది, దానికి వంక పెట్టలేను. బ్యాగు ఇచ్చేసి, సెక్యూరిటీ దాటి 8.30కి కూర్చున్నాం. అక్కడి నుంచి అసలు పరీక్ష. 40 నిమిషాలు లేటని బోర్డు మీద పెట్టారు. ఎందుకని అడిగితే కౌంటర్‌లో అమ్మాయి నవ్వి ఊరుకుంది. ఎయిర్‌లైన్స్ పేరు రాయను గానీ, ఆ నవ్వుకి ఒక స్టార్ తగ్గించాను. వీల్‌చైర్ అబ్బాయి మాత్రం బంగారం. బుకింగ్‌లోనే అడిగి పెట్టుకోండి, దానికి డబ్బులేమీ తీసుకోలేదు.

టేకాఫ్ 10.34, ల్యాండింగ్ 11.27. ఫోన్‌లో చూసుకున్నాను, గాల్లో ఉన్నది 53 నిమిషాలే.

కుడివైపు కిటికీ సీటు అడగండి. మబ్బు లేకపోతే పాపికొండలు దాటాక గోదావరి విప్పారి కనిపిస్తుంది. అమ్మ దండం పెట్టేసి, అలవాటు కొద్దీ పర్సు తీసింది. రూపాయి చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. "ఏటిరా, ఇది తెరుచుకోదా? మరి రూపాయి ఎలాగేస్తాం?" అంది. పక్క సీటాయన కూడా నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు. రూపాయి కొంగున ముడేసుకుంది. ఆ ముడి సరిచూసుకుంటూ ఉండగానే బెల్టులు పెట్టుకోమన్నారు. "అప్పుడే దిగిపోతామేటి?" అని ఒకటే ఆశ్చర్యం.

వైజాగ్‌లో దిగాక పెద్ద పని లేదు. ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా స్థావరంలోనే, ఊళ్లోనే ఉంది కదా. బ్యాగు తీసుకుని, ఎన్ఏడీ జంక్షన్ మీదుగా గోపాలపట్నం ఇంటికి చేరేసరికి 12.20. మొత్తం ఆరు గంటలు.

వందే భారత్‌కి సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటలు. మియాపూర్ నుంచి స్టేషన్‌కి వెళ్లడం, అక్కడ కాసేపు ఆగడం, వైజాగ్‌లో దిగి ఇంటికి రావడం కలిపితే పదిన్నర అనుకోండి. అంటే విమానంలో మాకు మిగిలింది నాలుగున్నర గంటలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో అయితే కళ్లు మూసుకుని బుక్ చేసేయొచ్చు. ఒక్కడినే అయితే నేను ఎక్కను. కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఉండేవాళ్లకి శంషాబాద్ వెళ్లడమే సగం ప్రయాణం.

నా తిరుగు టికెట్ గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తీసుకున్నాను, సైడ్ లోయర్ దొరికింది. రాజమండ్రి వంతెన మీదికి వచ్చేసరికి చీకటి పడిపోతుంది. అయినా సరే మర్చిపోవద్దని అమ్మ కొంగు ముడి విప్పి ఆ రూపాయి నా జేబులో వేసింది.