హెయేయా వాగు వెంట ఒక శనివారం: ఒఆహు దీవిలో తిండి, పని, బస

హవాయిలోని ఒఆహు దీవికి వెళ్ళేవాళ్ళు చాలామంది హోటళ్ళుండే వైకీకీలో, డాన్సుతో పాటు పెట్టే లూఆవు విందుకు టికెట్టు కొనుక్కుని హవాయి తిండి రుచి చూసేశాం అనుకుంటారు. డాన్సుకు వంక పెట్టలేం. పళ్ళెంలోది ఎక్కడ పండిందని అడిగితే మాత్రం జవాబు దొరకడం కష్టం. హవాయి తినేదాంట్లో 85 నుంచి 90 శాతం దాకా బయటి నుంచి వచ్చేదే అని అంచనా. అక్కడి భాషలో నేలకు పేరు ఆఇనా. ‘ఆఇ’ అంటే తినడం, కాబట్టి ఆఇనా అంటే తిండి పెట్టేది. ఆ మాటకు అర్థం కళ్ళతో చూడాలంటే కానెఓహె పక్కన హెయేయాకి వెళ్ళాలి. వైకీకీ నుంచి కారులో అరగంట, ముప్పావుగంట.

కొండ మీంచి సముద్రం దాకా ఒక వాగు పారే నేలంతా ఒకే లెక్కగా చూసుకోవడం పాత పద్ధతి. దాన్ని ఆహుపుఆఆ అంటారు. ఇక్కడ ఎగువన పాపహానా కుఆఓలా, మధ్య చిత్తడి నేలలో కాకోఓ ఓయివి, సముద్రం ఒడ్డున పాయెపాయె ఓ హెయేయా అనే సంస్థలు పనిచేస్తున్నాయి. వీటికి వాలంటీర్లు పనిచేసే శనివారాలుంటాయి, ముందుగా పేరు నమోదు చేసుకుని వెళ్ళాలి. ఒక్కపూటే ఉంటే మధ్యలోదో, కిందదో ఎంచుకోండి.

మధ్యలో పండేది కలో. మనం పులుసు పెట్టుకునే చామదుంపే, అదే జాతి మొక్క. నీళ్ళు నిలిపిన మడిని లోఇ అంటారు. దుంప కోశాక పైన పావు అంగుళం దుంపతో, జానెడు కాడతో ఉంచిన ముక్కనే మళ్ళీ నాటుతారు, దాని పేరు హులి. కోతకు 9 నుంచి 14 నెలలు పడుతుంది. నీళ్ళు నిలిచి 25 డిగ్రీలు దాటి వేడెక్కితే దుంప కుళ్ళుతుంది. అందుకే మడిలోంచి మడిలోకి పారి, మళ్ళీ వాగులోకే చేరాలి. పైవాడు తూము బిగించేస్తే కిందవాడి పైరు పోతుంది. కులెఆనా అనే మాటలో హక్కు, బాధ్యత రెండూ ఎందుకున్నాయో గోదావరి కాలవ చివరి భూముల రైతుకు విడమర్చి చెప్పక్కర్లేదు. పక్కనే వైఆహోలెలో 1916లో కొండకు సొరంగం తవ్వి నీళ్ళను చెరకు తోటలకు మళ్ళించారు. వాగులోకి నీళ్ళు తిరిగి తెచ్చుకునే పోరాటం 2000లో హవాయి సుప్రీంకోర్టు తీర్పు దాకా సాగింది.

మడిలో దిగితే మోకాలి లోతు బురద. హవాయి చెప్పులు అందులోనే ఉండిపోతాయి. కాలికి బిగుతుగా పట్టే బూట్లు కావాలి. కాలిమీద తెగిన గాయముంటే దిగొద్దు, లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) భయం ఉంది. కాడల మీద గులాబీరంగు గుడ్ల గుత్తులు కనిపిస్తే అవి నత్తలవి. దుంపను తొలిచేస్తాయి కాబట్టి చేత్తో ఏరాల్సిందే.

కింద 88 ఎకరాల చేపల చెరువు. కట్ట పొడవు సుమారు 2 కిలోమీటర్లు, రెండు వైపులా రాతి గోడ, మధ్యలో పగడపు రాళ్ళు. మాకాహా అనే తూములకు సన్నటి సందుల తడికెలు ఉంటాయి. పిల్ల చేప లోపలికి దూరుతుంది, నాచు తిని పెరిగాక బయటికి పట్టదు. మేత ఖర్చు లేదు. 1965 వరదకు తెగిన గండిని 2015లో పూడ్చారు. చూడ్డానికి నాకైతే మూడింట్లో ఇదే మేలు, అయితే రాళ్ళు మోయడానికి నడుం సహకరించాలి.

తినడానికి వైఆహోలె పోయ్ ఫ్యాక్టరీ దగ్గర. పోయ్ అంటే ఉడికించి రుబ్బిన కలో. నీళ్ళు దాదాపు కలపకుండా బల్లమీద రాతితో దంచితే పాయ్‌ఆయ్. తాజా పోయ్ తియ్యగా, మూడోరోజుది తరవాణిలా పుల్లగా ఉంటుంది. ఉత్తిగా తింటే జిగురు నాకినట్టే, ఉప్పటిదేదైనా నంజుకోవాలి. శాకాహారులు లౌలౌ జోలికి వెళ్ళొద్దు, ఆకు లోపల పంది మాంసం ఉంటుంది. కలో, కొబ్బరిపాలు, చక్కెరతో చేసే కూలోలో నిశ్చింతగా తినొచ్చు. దుంప కొనుక్కుని వండుకునేవాళ్ళు కుక్కర్ రెండు విజిల్స్‌తో దించొద్దు. ఇది మన చామకంటే గట్టిది, పుల్ల గుచ్చితే మెత్తగా దిగేదాకా ఉడక్కపోతే గొంతు దురద ఖాయం. ఆకూ అంతే.

చేప కొనేటప్పుడు నెల చూసుకోండి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆమాఆమా అనే చేపను, జూన్ నుంచి ఆగస్టు దాకా మోయి అనే చేపను సముద్రంలో పట్టకూడదు. అవి గుడ్లు పెట్టే కాలం.

బసకు వైకీకీయే నయం. కానెఓహెలో ఇళ్ళు చౌకగా కనిపిస్తాయి గానీ, రిసార్టు ప్రాంతాల బయట 30 రోజుల లోపు అద్దెకు ఇవ్వాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి, అది అడగండి. కో ఓలీనా అనే రిసార్టు ప్రాంతం ఒఆహుకు అవతలి కొస, ఈ పనికి దూరం. వైకీకీ దగ్గరి కాపియోలాని కాలేజీ ఆవరణలో రైతుబజారు కూడా శనివారమే, ఉదయం 7:30 నుంచి 11 దాకా. మడిలో దిగే రోజున అది కుదరదు, ఇంకో వారం చూసుకోవాలి.